భీమిలి: ఓడకూ ఒడ్డుకూ మధ్య

గురువారం

విశాఖపట్నం నుంచి భీమిలికి రెండు దారులున్నాయి. జాతీయ రహదారి మీద తగరపువలస దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగి సముద్రం వైపు దిగేది ఒకటి. ఆర్కే బీచ్ దగ్గర మొదలై చాలా మేరకు నీళ్ల పక్కనే సాగేది రెండోది. మా బావ విశాఖ పోర్టులో పని చేస్తాడు. నాలుగు రోజులు సెలవు పెట్టి, "బీచ్ రోడ్డు మీదే పోదాం, మధ్యలో ఆగాల్సినవి చాలా ఉన్నాయి" అని బైక్ తీశాడు. జనవరి చివరి వారం. ఎండలో చురుకు లేదు, గాలిలో చలి లేదు. ఈ తీరం చూడటానికి ఇంతకన్నా మంచి కాలం ఉండదు.

తెన్నేటి పార్కు దగ్గర బావ బండి ఆపి కింద రాళ్లను చూపించాడు. 2020 అక్టోబరులో గాలివానకు లంగరు నిలవక, బంగ్లాదేశ్‌కు చెందిన సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇక్కడే ఇరుక్కుంది. నెలల తరబడి జనం దాన్ని చూడటానికి వచ్చారు. "ఓడకు కావాల్సింది లోతు, గాలికి అడ్డు. ఆ రెండూ లేని ఒడ్డుకు దగ్గరగా వస్తే ఇదే జరుగుతుంది. మీ భీమిలికి రెండూ లేవు" అన్నాడు. రెండూ లేని ఆ ఊరు దాదాపు మూడు శతాబ్దాలు ఓడల ఊరుగా ఎలా బతికిందన్నది నేను తెలుసుకోవాలనుకున్న విషయం. మిగతా రోజులన్నీ ఆ మాట చుట్టూనే తిరిగాయి.

రుషికొండ దగ్గర ఆగలేదు. అక్కడి ఇసుక బాగుంటుంది, జనమూ ఎక్కువే. నేరుగా తొట్లకొండ ఎక్కాం. 1976లో నౌకాదళం స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండ మీది శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వాన నీళ్లు పట్టి ఉంచుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లే కొండకు పేరు తెచ్చాయి. భిక్షువులు ఉన్న గదుల పునాదులు, స్తూపాల అడుగులు, సభా మండపం స్తంభాలు చూస్తూ నడిస్తే చివరికి కొండ అంచు వస్తుంది. అక్కడి నుంచి సముద్రం ఎంత దూరమైనా కనిపిస్తుంది.

తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ వివరమే. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడి భిక్షువుల మఠానికి రోమ్ డబ్బు చేరిందంటే, కింద తీరంలో ఎవరో సరుకు దించి ఉండాలి, ఎవరో ఎక్కించి ఉండాలి. పక్కనే బావికొండ, భీమిలిని ఆనుకుని పావురాలకొండ. వర్తకులు వచ్చే తీరంలోనే బౌద్ధ విహారాలు వరసగా వెలిశాయి. భీమిలి కథను చాలామంది డచ్చివారితో మొదలుపెడతారు. అది సగం నుంచి చదవడమే అవుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు చేరేసరికి పొద్దు వాలింది. సముద్రం మట్టం తగ్గడం, పెరగడం, గాలి ఇసుకను మోసుకురావడం, ఆ ఇసుక వేల ఏళ్లలో ఇనుముతో ఎర్రబారడం, వాన దాన్ని కోసి లోయలు చేయడం: ఇదంతా కలిసి అయిన నేల ఇది. ఇలాంటివి దక్షిణాసియాలో ఇంకో రెండు చోట్లే ఉన్నాయి, తమిళనాడులో తేరి ఇసుకలు, శ్రీలంకలో కొంత భాగం. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. గట్టిగా అడుగేస్తే గట్టు రాలిపోతుంది. అంత సున్నితమైన నేల మీద సెల్ఫీల కోసం అంచులెక్కి దూకుతున్న కుర్రాళ్లను చూస్తే బాధేసింది. బావ వాళ్లను పిలిచి మెల్లిగా చెప్పాడు. దిగిపోయారు.

చీకటి పడ్డాక భీమిలి చేరాం. ఒడ్డుకు దగ్గర్లో ఒక చిన్న లాడ్జి. కోనాం చేప పులుసు, వేడన్నం. అలల చప్పుడుకు నిద్ర ఆలస్యంగా పట్టింది.

శుక్రవారం

ఊరి పేరుకు భీముడి కథ చెబుతారు. భీముడు ఇక్కడే బకాసురుణ్ణి చంపాడని, తర్వాత కొండ మీద నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని పెద్దవాళ్ల మాట. భీముని పట్నం జనం నోట భీమిలి అయింది. ఇంగ్లీషు వాళ్ల రికార్డుల్లో బిమ్లిపట్నం.

పొద్దున్నే డచ్చివారి సమాధుల తోటకు వెళ్లాం. హాలండర్స్ గ్రీన్ అంటారు. సముద్రానికి కూతవేటు దూరం. పిరమిడ్‌లా కోసుగా లేచిన ఇటుక సున్నం కట్టడాలు కొన్ని, నేలబారు రాతి పలకలు కొన్ని. పలకల మీద డచ్చి భాషలో పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు. ఉప్పుగాలి తిన్నంత తినగా కొన్ని అక్షరాలు వేళ్లతో తడిమితే తప్ప తెలియడం లేదు. 17, 18 శతాబ్దాల నాటివి. వీళ్లలో చాలామంది మన వాతావరణానికి, జ్వరాలకు తట్టుకోలేక చిన్న వయసులో పోయినవాళ్లే అయి ఉంటారు.

తెలుగు నేలలో డచ్చివారిని ఒలందులని, వలందులని పిలిచేవారు. మచిలీపట్నంలో వలందపాలెం ఇప్పటికీ ఉంది. గోల్కొండ సుల్తానుల అనుమతితో వాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో కొఠీలు, అంటే వర్తక కేంద్రాలు, పెట్టారు. పాలకొల్లు, ఆ తర్వాత కాకినాడ దగ్గరి జగన్నాథపురం కూడా వాళ్ల స్థావరాలే. భీమిలికి ఆ శతాబ్దం మధ్యలో వచ్చారు. వాళ్లకు కావాల్సింది జాజికాయ, జాపత్రి, లవంగం. అవి దొరికేది తూర్పు దీవుల్లో. ఆ దీవుల జనానికి డబ్బు మీద మోజు లేదు, మన తీరంలో నేసిన బట్టంటే ఇష్టం. కాబట్టి ఇక్కడ బట్ట కొని, అక్కడ ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు పట్టుకుని యూరప్ వెళ్లేవారు. భీమిలి నుంచి బట్టతో పాటు బియ్యం కూడా ఓడలెక్కింది.

డచ్చి ఈస్టిండియా కంపెనీ నేరుగా నేతగాడి ఇంటికి వెళ్లేది కాదు. ఊళ్లోని వర్తకులకు బయానా ఇచ్చేది, వాళ్లు లోపలి పల్లెల సాలెవాళ్లకు పంచేవారు. పొడుగు, వెడల్పు, నూలు సాంద్రత అన్నీ ముందే ఒప్పందం. తయారైన బట్టను కొఠీలో కొలిచి, నమూనాకు సరిపోకపోతే ధర కోసేవారు, లేదా తిప్పి పంపేవారు. బయానా తిన్న చెయ్యి ఆ బాకీ తీరేదాకా మగ్గం వదలలేదు. ఆ మాటకొస్తే, కరువు కాలాల్లో కోరమాండల్ తీరం నుంచి మనుషులను కూడా కొని బటేవియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తీసుకెళ్లిన కంపెనీ అది. ఇంత చక్కని సమాధుల మధ్య నిలబడి ఆ సంగతి తలుచుకోకుండా ఉండలేకపోయాను. వర్తకుడికి రాయి ఉంది, రాత ఉంది. బట్ట నేసినవాడికి, ఓడలో గొలుసుతో వెళ్లినవాడికి ఏమీ లేదు.

ఆ పైన జరిగిందంతా యూరప్ యుద్ధాల పుణ్యం. 1765 తర్వాత ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. భీమిలి మాత్రం వాళ్ల భూమి మధ్యలో డచ్చి తునకగా మిగిలింది. 1781లో ఇంగ్లీషు వాళ్లు పట్టుకున్నారు, సంధి తర్వాత వదిలారు. 1795లో మళ్లీ పట్టుకున్నారు. ఈ మధ్యలో 1799లో డచ్చి కంపెనీయే దివాలా తీసి రద్దయింది. 1818లో స్థావరాన్ని నెదర్లాండ్స్‌కు తిరిగి ఇచ్చారు. 1824 ఒప్పందంతో కథ ముగిసింది. మరుసటి ఏడు, 1825లో, భీమిలి ఇంగ్లీషు వాళ్లదైంది. ఇన్నిసార్లు జెండా మారినప్పుడు ఊళ్లో ఎవరైనా ఒక్కరినైనా అడిగారా అని బావ అడిగాడు. అడిగినట్టు ఎక్కడా చదవలేదు.

మధ్యాహ్నం దాకా పాత వీధులు తిరిగాం. సెయింట్ పీటర్స్ చర్చి 1864 నాటిది. తలుపు తెరిచి ఉంటే లోపల కూర్చున్నాం. గోడల మందం, కిటికీల రంగుటద్దాలు, గాలి ఆడేలా ఎత్తుగా కట్టిన కప్పు. బయట ఎంత వేడి ఉన్నా లోపల చల్లగానే ఉండేలా కట్టారు. అక్కడి నుంచి గంటస్తంభం, దాని చుట్టూ బజారు. కూరగాయలు, స్టీలు సామాన్లు, మొబైల్ రీచార్జి కొట్లు. పెంకుటిళ్ల మధ్య అక్కడక్కడ పాత బంగళాలు, కొన్ని బాగున్నాయి, కొన్ని కప్పులు కూలి మర్రిమొక్కలు మొలిచాయి.

1861లో ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. దేశంలోనే రెండోదని టీకొట్టు దగ్గర ఒకాయన ఛాతీ విరిచి చెప్పాడు. దేశం సంగతి ఎలా ఉన్నా, మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి మున్సిపాలిటీల్లో ఇదొకటన్నది నిజం. ఇంత చిన్న ఊరికి అంత త్వరగా ఎందుకిచ్చారు? రేవు నిండా పని ఉంది కాబట్టి. 2013లో ఆ మున్సిపాలిటీని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపేశారు. "పేరు పోయింది బాబూ, పన్ను పెరిగింది" అన్నాడాయన. ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు, దిగులు.

శనివారం

ఇవాళ గోస్తని వెంట లోపలికి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, చిట్టివలస దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీళ్లలో ఈ నదికీ వాటా ఉంది.

చిట్టివలసలో జూట్ మిల్లు గేటు ముందు ఆగాం. 2009లో మూతపడింది. ప్రహరీ లోపల చెట్లు గోడల కన్నా ఎత్తు పెరిగాయి. ఎదురుగా కొట్టు నడుపుతున్న ఆమె, "మా నాన్నది ఏ షిఫ్టు, మా మావయ్యది బీ షిఫ్టు. సైరన్ మోగితే ఊరంతా లేచేది" అంది. ఇప్పుడామె కొడుకు భీమిలి వైపు ఒక రిసార్టులో వంట మనిషి. రెండు తరాల మధ్య ఊరి బతుకుతెరువు ఎలా మారిందో ఆ ఇంట్లోనే తెలిసిపోయింది.

ఈ మిల్లుకు, ఆ రేవుకు మధ్య ఉన్న సరుకు గోగునార. గోంగూర జాతికే చెందిన గోగు మొక్కను విజయనగరం, శ్రీకాకుళం వైపు మెట్ట పొలాల్లో వేసేవారు. కోసిన కట్టలను చెరువుల్లో ముంచి, పైన బరువు పెట్టి, కండ కుళ్లేదాకా ఉంచేవారు. తర్వాత మొల లోతు నీళ్లలో నిలబడి ఒక్కో కాడ నుంచి నార ఒలిచి, ఉతికి, ఎండబెట్టేవారు. ఆ నీళ్ల కంపు, చేతుల దురద చేసినవాళ్లకే తెలుసు. ప్రపంచ మార్కెట్లో ఈ నారకు పెట్టిన పేరు బిమ్లిపట్నం జూట్, కురచగా బిమ్లి. పండింది ఎక్కడైనా ఓడ ఎక్కింది ఇక్కడ కాబట్టి ఊరి పేరే సరుకు పేరైంది.

కరక్కాయల విషయమూ అంతే. ఏజెన్సీ కొండల నుంచి సంతలకు, సంతల నుంచి బండ్ల మీద రేవుకు వచ్చేవి. తోళ్లు పదును చేయడానికి ఇంగ్లండు, యూరప్ కొనేవి. అక్కడి తోళ్ల వ్యాపారులు కరక్కాయల రకాలను చెప్పుకునేటప్పుడు బిమ్లీలు అని ఒక రకమే ఉండేది, జబల్పూర్లు, రాజపూర్లతో పాటు. నువ్వులు, ఇతర నూనెగింజలు కూడా వేల బస్తాలు వెళ్లేవి. 19వ శతాబ్దం రెండో సగంలో స్టీమర్లు తీరం వెంట ఊరూరా ఆగుతూ పోయేవి. భీమిలి దగ్గర తప్పకుండా ఆగేవి.

ఇక బావ మొదటి రోజు అన్న మాట. లోతు, అడ్డు లేని చోట ఓడ ఎలా ఆగింది? సమాధానం సాయంత్రం దొరికింది, ఒడ్డున వల అల్లుకుంటున్న ఒక తాతగారి దగ్గర. ఎనభై దాటి ఉంటాయి.

"ఏటి బాబూ, ఓడలు చూడ్డానికి ఒచ్చినారా? ఇప్పుడేవీ లేవు" అన్నాడు.

"పాత సంగతులు చెబుతారేమోనని వచ్చాం తాతా."

"ఓడ ఒడ్డుకి రాదు. అదుగో, ఆ తెప్ప ఉంది సూడు, దానికి ఇంకా అవతల లంగరేసీది. సరుకంతా పడవల మీదే. మా అయ్య, మా అయ్య తండ్రి అదే పని."

ఆ పడవల గురించి చదివినదంతా ఆయన చేతుల్లో కనిపించింది. మసూలా పడవలు. పలకలకు మేకులు ఉండవు. పీచుతాడుతో పలకకు పలక కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఒడ్డు అలల్లో నేలకు తగిలితే పగిలిపోతుంది. కుట్టిన పడవ దెబ్బకు కొంచెం వంగి మళ్లీ సర్దుకుంటుంది. అడుగు బల్లపరుపు, గోడలు ఎత్తు. పడవ నిండా బస్తాలు, వెనక చుక్కాని తెడ్డు పట్టుకున్న సరంగు, మిగతావాళ్లు తెడ్లు. అలల వరస దాటించడమే అసలు విద్య.

"అల లెక్కెట్టాల. పెద్దయి ఒరసగా ఒచ్చి పోతాయి, ఆ ఎనకాల కాసేపు నీరు సద్దుమణుగుతాది. అప్పుడు అందరూ ఒక్కసారి తొయ్యాల. ఒక్కడు ఎనకబడినా పడవ అడ్డం తిరుగుతాది. అడ్డం తిరిగితే మనిషీ దక్కడు, బస్తా దక్కదు." కాసేపు ఆగి, "బస్తా తడిస్తే కూలి కోసీవోరట. మనిషి పోతే ఏటిస్తారు, ఏటీ లేదు" అన్నాడు.

ఓడ ఆగే చోటికీ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ కాసిన్ని నీళ్లే భీమిలి రేవు. గోడ లేదు, గట్టు లేదు. రేవంటే ఈ మనుషులే. డచ్చివారి బట్టల మూటలైనా, ఇంగ్లీషు వాళ్ల గోగునార కట్టలైనా వీళ్ల భుజాల మీదుగా వెళ్లినవే. ఊళ్లో సమాధుల తోటకు బోర్డు ఉంది, చర్చికి శిలాఫలకం ఉంది. పడవవాళ్ల గురించి ఒక్క రాయి కూడా నాకు కనిపించలేదు. ఇది సరిదిద్దాల్సిన విషయమని గట్టిగా అనుకుంటున్నాను. బీచ్‌లో ఇన్ని విగ్రహాలు పెట్టారు, పీచుతాడుతో కుట్టిన ఒక్క పడవను నిలబెట్టలేరా? కుట్టడం చూసినవాళ్లు ఇంకా కొందరైనా బతికి ఉండగానే ఆ పని జరగాలి.

రేవు పోవడానికి పెద్ద తుఫానో, యుద్ధమో కారణం కాదు. 1890ల్లో తూర్పు తీరపు రైలు మార్గం వేసినప్పుడు పట్టాలు విజయనగరం నుంచి లోపలిగా విశాఖలోని వాల్తేరు వైపు పోయాయి. భీమిలికి రైలు రాలేదు. సంతలో కొన్న సరుకు ఎడ్లబండి మీద ఇక్కడికి రావడం కన్నా పక్క స్టేషన్‌లో వ్యాగన్ ఎక్కడం చవకైంది. ఆ తర్వాత 1933 అక్టోబరు 7న విశాఖ రేవు తెరిచారు. జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ గాలికి అడ్డు, తవ్విన కాలువలో లోతు. భీమిలికి లేని ఆ రెండూ అక్కడ దొరికాయి. ఓడ నేరుగా గట్టుకు ఆనుకుని నిలబడితే మధ్యలో పడవ ఎందుకు, అల లెక్కపెట్టే మనిషి ఎందుకు?

"మా పోర్టు వల్లే మీ ఊరి రేవు పోయింది తాతా" అన్నాడు బావ, తప్పు తనదే అయినట్టు.

తాత నవ్వాడు. "నీ పోర్టులో మా మనవడు కాంట్రాక్టు పని సేస్తన్నాడు గానీ, పోనీ."

ఆదివారం

తెల్లవారుతుండగా పావురాలకొండ ఎక్కాం. నరసింహకొండ అని కూడా అంటారు. సగం దారిలో లక్ష్మీనరసింహస్వామి గుడి. పైన బౌద్ధ విహారపు పునాదులు, రాతిలో తొలిచిన తొట్లు. తొట్లలో నీళ్లున్నాయి, పచ్చగా. క్రీస్తుకు పూర్వం నుంచే ఇక్కడ భిక్షువులు ఉండేవారు. పై నుంచి చూస్తే ఊరి స్వరూపమంతా ఒక్కసారి అర్థమవుతుంది: ఒకవైపు గోస్తని మలుపు తిరిగి ఇసుక మేట పక్కనుంచి సముద్రంలోకి జారుతోంది, నది మూలన పడవలు గుంపుగా ఉన్నాయి, లైట్‌హౌస్ తెల్లగా నిలబడింది, మిగతా ఒడ్డంతా ఏ అడ్డూ లేకుండా సాగిపోతోంది. అలలకు అడ్డుగోడ లేదు, క్రేన్ లేదు, ఇనప ఖనిజం గుట్టలు లేవు.

అప్పుడు నాకు తట్టింది. ఏ లోటు వల్ల రేవు పోయిందో, ఆ లోటే ఈ ఒడ్డును కాపాడింది. ఇక్కడ లోతు ఉండి, గట్టు కట్టి ఉంటే ఇవాళ ఈ ఇసుక మీద పిల్లలు ఆడుకునేవాళ్లు కాదు. భీమిలి బీచ్ ఊరు కావడం ఎవరో పథకం వేస్తే జరిగింది కాదు, ఓడలు వెళ్లిపోయాక మిగిలినదాన్ని ఊరు వాడుకోవడం. మొదట దొరల బంగళాలు, తర్వాత ఉన్నవాళ్ల విడిది ఇళ్లు, ఆ తర్వాత బీచ్ రోడ్డు వచ్చాక బస్సుల మీద సామాన్య జనం, ఇప్పుడు రిసార్టులు.

పది గంటలకల్లా ఒడ్డు నిండిపోయింది. విశాఖ నుంచి, విజయనగరం నుంచి కుటుంబాలు. కాలేజీ పిల్లలు. మురీ మిక్స్చర్ బండి, బజ్జీల బండి, తేగల కట్టలు ముందేసుకుని కూర్చున్న ముసలమ్మలు. తేగ కాల్చి, చీల్చి, మధ్యలో చందమామను తీసి మా చేతుల్లో పెట్టింది ఒకామె. చిన్నపిల్లలు విగ్రహాల మీదికెక్కి ఫొటోలు దిగుతున్నారు. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానాలకు పల్లెల నుంచి జనం వస్తారు, ఆ రోజుల్లో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటారట. ఆ స్నానాలు రిసార్టుల కన్నా ఎంతో పాతవి. ఈ ఒడ్డుకు సెలవు కోసం రావడం మనవాళ్లకు కొత్తేమీ కాదు.

స్నానం చేసేవాళ్లకు ఒక్క మాట. ఇక్కడి అల చూడటానికి మెత్తగా ఉంటుంది, లోపలి లాగుడు మాత్రం బలమైనది. నది కలిసే చోట అసలు దిగకూడదు. తాత చెప్పిన అలల వరస ఇప్పటికీ అదే.

మధ్యాహ్నం ఒక రిసార్టులో భోజనం చేశాం. వడ్డించిన కుర్రాడిది మత్స్యకారుల వీధే. వేటకు వెళ్తావా అని అడిగితే, సెలవు రోజుల్లో వెళ్తానన్నాడు. "వేటలో దొరికితే ఒక్క రోజులో నెల జీతం వస్తది సార్. దొరక్కపోతే డీజిల్ డబ్బులు కూడా రావు. ఇక్కడైతే ఒకటో తారీఖుకి పడిపోద్ది." లెక్క స్పష్టంగా చెప్పాడు. అతని భయం వేరే ఉంది. భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచి తీరం వెంట భూమి ధరలు పెరుగుతూ పోతున్నాయి. వలలు ఆరేసుకునే ఇసుకకు, పడవలు లాగి పెట్టుకునే జాగాకు కాగితాలు ఉండవు. తరతరాల వాడుక తప్ప. గోడలు కట్టుకుంటూ వస్తే ఒడ్డు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. టూరిజం రావాలి, అతనికి ఉద్యోగం ఉండాలి. కానీ రిసార్టు గోడకూ నీళ్లకూ మధ్య పడవ నిలిపే చోటు మిగలాలి. దాన్ని చట్టం కాగితం మీద రాసి ఇవ్వాలి. రేవు రోజుల్లో వీళ్ల పనికి రాత లేకపోయింది, ఇప్పుడు వీళ్ల చోటుకైనా ఉండాలి.

సోమవారం

జనం పోయారు. పొద్దున్నే నది మూల దగ్గర చేపల పాట మొదలైంది. కానాగంతలు, కవళ్లు, ఒక బుట్టలో వంజరాలు, ఎండబెట్టడానికి నెత్తళ్లు. పాట పాడేది మగవాళ్లయినా, బేరం ముగించేది ఆడవాళ్లే. కొన్న బుట్ట నెత్తికెత్తుకుని తగరపువలస బస్సు వైపు పరుగెత్తుతారు. దూరంగా ఇరవై మంది దాకా అలివి వల లాగుతున్నారు. ఒక తాడు ఇటు, ఒక తాడు అటు. మేమూ కాసేపు పట్టుకున్నాం. పడింది తక్కువే. అయినా అందరికీ తలా కొంచెం పంచారు, తాడు పట్టినందుకు మాకూ ఇవ్వబోయారు. వద్దన్నాం.

భీమిలి వెళ్లేవాళ్లకు విశాఖ రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా 900కె సిటీ బస్సు ఉంది. హైవే మీదుగా కావాలంటే 999. శనివారం, ఆదివారం తప్పించి వెళ్తే పాత వీధులు ప్రశాంతంగా తిరగొచ్చు. పావురాలకొండకు నీళ్లు తీసుకెళ్లండి, పైన ఏమీ దొరకదు.

మేం మాత్రం వెనక్కి తీరం దారి పట్టలేదు. గోగునార బండ్లు రేవుకు వచ్చిన వైపు ఎదురు వెళ్లి విజయనగరం చేరాలనుకున్నాం. ఆ దారిలోనే పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి గుడి. ఇక్కడే 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిలతో మొదలైన తగాదా, కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన దళం, ఒక్క పూటలో ముగిసిన యుద్ధం. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక వాక్యం ఉంటే గొప్ప.

భీమిలిలో నాలుగు రోజులు తిరిగొచ్చి ఈ పొలాల మధ్య నిలబడితే రెండు తేదీలు పక్కపక్కన కనిపించాయి. 1794లో ఇక్కడ రాజు పడిపోయాడు. 1795లో అక్కడ డచ్చివారి స్థావరం ఇంగ్లీషు వాళ్ల వశమైంది. బట్ట నేసే పల్లెలు, బట్ట ఎక్కించే రేవు, రెండూ దాదాపు ఏడాదిలో ఒకే కంపెనీ గుప్పిట్లోకి వచ్చాయి. ఈ రెండు ఊళ్ల చరిత్రను విడివిడిగా చెబుతున్నాం. మధ్య దూరం బైక్ మీద అరగంట.

"అక్కడ రాజుకు స్మారకం ఉందట, చూసి వెళ్దాం" అన్నాడు బావ. బండి అటు తిప్పాడు.